ఒక ప్రసారం – వేయి కంప్యూటర్లు

ఒక వార్తను ఊరందరికీ అందజేయడానికి మన పల్లెలలో పూర్వంనుంచి రెండు మార్గాలున్నవి. ఇంటింటికి మనిషిని పంపి చెప్పించడం ఒకటి. నాలుగు వీధుల కూడలిలో తప్పెట కొట్టించి చాటించడం మరొకటి. మొదటి మార్గంలో ప్రతి గృహస్థునికీ వార్త చేరినదీ లేనిదీ రూఢిగా తెలుస్తుంది; కాని ఇళ్ళు పెరిగినకొద్దీ శ్రమా, కాలమూ పెరుగుతవి. రెండవ మార్గంలో ఒక్క కేక చాలు. కాని ఆ వేళకు పొలం వెళ్ళినవాని సంగతి చాటినవానికి తెలియదు. రేడియో ఈ రెండవ మార్గానికి చెందినది. కంప్యూటర్ నెట్‌వర్కులు చాలాకాలం మొదటి మార్గాన్నే నమ్ముకొని, తరువాత రెండవదానిలోని లాభాన్ని గ్రహించి, రెంటినీ కలిపే ఉపాయాన్ని వెదకినవి. ఆ ఉపాయానికి మల్టీకాస్ట్ అని పేరు; సమూహ ప్రసారమని మనం చెప్పుకోవచ్చు. ఒకే ప్రోగ్రామును వందలాది కంప్యూటర్లకు ఒకేసారి చేర్చవలసినచోట దీని అవసరం ఎక్కువ. దీని చరిత్రను పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. పంపడం ఏనాడూ పెద్ద చిక్కు కాలేదు. అందనివానికి ఏమి ఏర్పాటు అన్నదే మొదటినుంచీ చిక్కు.

కంప్యూటర్ ప్రోగ్రాములను చాటింపు పద్ధతిలో పంపిన తొలివారిలో రేడియోవారే ఉన్నారంటే శ్రోతలకు ఆశ్చర్యం కలుగవచ్చు. 1980ల తొలి సంవత్సరాలలో ఐరోపా గృహాలలో ప్రవేశించిన చిన్న కంప్యూటర్లు తమ ప్రోగ్రాములను పాటల క్యాసెట్ల మీదనే దాచుకొనేవి. టేపు మీద ఆ ప్రోగ్రాము కీచుమనే ధ్వనిగా ఉండేది. ధ్వని అయినదాన్ని దేన్నయినా రేడియో ప్రసారం చేయగలదు గదా! నెదర్లాండ్స్ దేశపు ప్రసార సంస్థ ఎన్.ఓ.ఎస్. తన ‘హాబీస్కూప్’ కార్యక్రమంలో ఈ ప్రయోగాన్ని చేసినది. శ్రోత రేడియో ప్రక్కన టేప్‌రికార్డరు పెట్టుకొని ఆ ధ్వనిని పట్టుకొని, తరువాత కంప్యూటరుకు వినిపించేవాడు.

ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురైనది. యాపిల్, కమడోర్ పెట్, టి.ఆర్.ఎస్.-80 – ఒక్కొక్క కంప్యూటరు ఒక్కొక్క యాసలో బేసిక్ భాషను మాట్లాడేది. ఒకే ప్రోగ్రామును ఒక్కొక్క యంత్రంకోసం వేరువేరుగా ప్రసారం చేయవలసి వచ్చేది. అలా చేస్తే చాటింపులోని లాభమే పోతుంది. అందువల్ల అన్ని యంత్రాలకూ అర్థమయ్యే ఉమ్మడి రూపాన్ని కల్పించి దానికి ‘బేసికోడ్’ అని పేరు పెట్టారు. అందులో సున్నకు 1200 హెర్ట్జుల స్వరం, ఒకటికి 2400 హెర్ట్జుల స్వరం. బి.బి.సి. రేడియో 4 లో ‘ది చిప్ షాప్’ కార్యక్రమం కూడా ఈ పద్ధతినే అనుసరించినది. బెల్‌గ్రేడులో జొరాన్ మోద్లీ అనే ప్రసారకుడు 1983 నుంచి తన ‘వెంటిలేటర్ 202’ కార్యక్రమంలో కంప్యూటర్ ప్రోగ్రాములను వినిపించాడు. వోయా అంతోనిచ్ రూపొందించిన ‘గాలక్సియా’ అనే స్వదేశీ కంప్యూటరును ఇంటిలో స్వయంగా తయారుచేసుకొన్న యువకులు ఆ ధ్వనులను టేపుల మీదికి ఎక్కించుకొనేవారు.

ఈ పద్ధతిలో పంపేవారికి ఖర్చు దాదాపు లేదు. వినేవారు పదిమంది అయినా, పదివేలమంది అయినా ప్రసారం ఒక్కటే. కాని పాట వింటున్నప్పుడు నడుమ ఒక చిటపట వినిపిస్తే చెవి దాన్ని సర్దుకొంటుంది. ప్రోగ్రాములో ఒక్క అక్షరం తారుమారైతే అది నడవదు. బేసికోడ్ ప్రసారం చివర ఒక సరిచూపు సంఖ్యను చేర్చేవారు. అంకెలన్నీ కలిపి చూచుకొంటే లెక్క సరిపోయినదీ లేనిదీ దానివల్ల శ్రోతకు తెలిసేది. తెలిసి ప్రయోజనమేమి? ‘నాకు అందలేదు, మరల పంపండి’ అని అడగడానికి దారి లేదు. తనంతట తాను తప్పు దిద్దుకోవాలి. లేదా పునఃప్రసారంకోసం కాచుకోవాలి. సమూహ ప్రసారంలోని కష్టమంతా ఈ చిన్న ఉదాహరణలోనే ఉన్నది.

తీగెతో అల్లిన ఈథర్‌నెట్ కథ కూడా రేడియోతోనే మొదలైనది. 1971 లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్, ఆయన సహచరులు ద్వీపాల మధ్య కంప్యూటర్ సమాచారాన్ని రేడియో తరంగాలద్వారా పంపే ‘అలోహానెట్’ను నడిపారు. ఆ పద్ధతిని అధ్యయనం చేసిన రాబర్ట్ మెట్కాఫ్, కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో డేవిడ్ బాగ్స్‌తో కలిసి 1973 లో ‘ఈథర్‌నెట్’ను రూపొందించారు. పూర్వకాలపు శాస్త్రజ్ఞులు కాంతి తరంగాలను మోస్తుందని భావించిన ‘ఈథరు’ పేరే దానికి పెట్టారు. ఒక పొడవైన తీగె. దానికి తగిలించిన కంప్యూటర్లన్నీ ఒకరి మాట మరొకరు వింటవి. అనగా తీగెలో బంధించిన రేడియో అన్నమాట. ఒక గదిలో, ఒక భవనంలో అందరికీ ఒకేసారి చెప్పడం దానివల్ల సులభమైనది.

కాని ఆ తీగె ముగిసినచోట చాటింపు కూడా ముగిసేది. రెండు తీగెలను కలిపే యంత్రానికి రూటరని పేరు. అది ఒక్కొక్క ప్యాకెట్టును దాని చిరునామా చూచి ముందుకు పంపుతుంది. అందరినీ ఉద్దేశించిన కేకను దాటనివ్వదు. దాటనిస్తే ప్రపంచంలోని ప్రతి కేకా ప్రతి ఇంటా వినబడి ఎవరి పనీ సాగదు. 1980లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ చెరిటన్ వద్ద పరిశోధన చేస్తున్న స్టీఫెన్ డీరింగ్‌కు ఈ సమస్యే ఎదురైనది. వారి ప్రయోగశాలలో తయారైన ‘వి’ అనే వ్యవస్థలో అనేక కంప్యూటర్లు ఒక బృందంగా పనిచేసేవి. ఆ బృందం ఒకే తీగె మీద ఉన్నంతవరకు బాగానే ఉన్నది. రూటరుకు ఆవలి కంప్యూటర్లు చేరవలసి వచ్చినప్పుడు కొత్త ఆలోచన అవసరమైనది.

1985 డిసెంబరులో చెరిటన్, డీరింగ్ కలిసి ప్రకటించిన పత్రంలో ఆ ఆలోచన కనిపిస్తుంది. కంప్యూటర్ల సమూహానికి ఒక చిరునామా ఉంటుంది. పంపేవాడు ఆ ఒక్క చిరునామాకు పంపుతాడు. సమూహంలో ఎవరెవరు ఉన్నారో అతడు ఎరుగనక్కరలేదు. కావలసినవారు తమంతట తామే చేరుతారు, తమంతట తామే తొలగుతారు. దీనికి మన కాలువల వ్యవస్థ మంచి పోలిక. ప్రధాన కాలువలో ప్రవాహం ఒకటే. ఏ పిల్లకాలువ క్రింద రైతు నీరు కావాలన్నాడో ఆ తూము మాత్రమే తెరుస్తారు. అడగనివారి చేలు తడవవు. ఒక్క భేదం – నీరు చీలినకొద్దీ తగ్గుతుంది. సమాచారాన్ని చీలినచోట రూటరు ప్రతి తీసి పంపుతుంది గనుక ఎన్ని పాయలైనా అది తగ్గదు. 1989 ఆగస్టులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1112 అనే పత్రంతో ఇది ఇంటర్నెట్టు ప్రమాణమైనది. 1991 లో డీరింగ్ తన సిద్ధాంత వ్యాసాన్ని సమర్పించాడు. 224.0.0.0 మొదలు 239.255.255.255 వరకుగల చిరునామాలను ఈ సమూహాలకే కేటాయించారు.

ఈ చిరునామాలను గురించి ఆ రంగంలో ఒక కథ చెప్పుకొంటారు. ఇంటర్నెట్టు సమూహాల చిరునామాలకు సరిపోయేటన్ని ఈథర్‌నెట్ సంఖ్యలు కావాలంటే పదహారు సంఖ్యా ఖండాలను వెయ్యేసి డాలర్లు పెట్టి కొనవలసి వచ్చినదట. జాన్ పోస్టెల్ వద్ద ఉన్న సొమ్ము ఒక్కదానికే సరిపోయినదట. అందులోనూ సగం మాత్రమే డీరింగ్‌కు ఇవ్వగలిగాడట. కథ ఎట్లున్నా ఫలితం మాత్రం నిజం. 28 అంకెల సమూహ చిరునామాలో 23 అంకెలకే ఈథర్‌నెట్టులో చోటున్నది. కాబట్టి 32 వేర్వేరు సమూహాలకు అక్కడ ఒకే గుర్తు వస్తుంది. ఒక సమూహానికి ఉద్దేశించినది మరొక సమూహపు వాకిట కూడా వాలవచ్చు. నెట్‌వర్కును పథకం వేసేవారు ఈ సంగతిని ఈనాటికీ గమనించి చిరునామాలు ఎన్నుకోవలసి వస్తున్నది.

1992 మార్చిలో శాండియాగో నగరంలో ఇంటర్నెట్టు ఇంజనీర్ల సభ జరిగినప్పుడు దాని ధ్వనిని సమూహ ప్రసారంద్వారా మూడు ఖండాలలోని 20 స్థలాలకు వినిపించారు. నాటి రూటర్లు చాలావరకు ఈ పద్ధతిని ఎరుగవు. అందుచేత అవి ఉన్నచోట సమూహపు ప్యాకెట్లను మామూలు ప్యాకెట్లలో చుట్టి దాటించవలసి వచ్చినది. ఈ ఏర్పాటుకు తరువాత ‘ఎంబోన్’ అని పేరు వచ్చినది. ఇక్కడ పంపినది ధ్వని. ఒక మాట జారిపోయినా శ్రోత ఊహించుకొంటాడు. ప్రోగ్రాము విషయంలో అట్లా కుదరదని బేసికోడ్ నాడే తెలిసినది.

ఇంతలో కార్యాలయాలలో, పాఠశాలలలో కొత్త అవసరం పుట్టినది. 1995 లో న్యూజీలాండులోని ఆక్లండ్ నగరంలో మరీ హజార్డ్ ‘ఘోస్ట్’ అనే ప్రోగ్రామును వ్రాశాడు. ఒక కంప్యూటరులో సకలమూ అమర్చి, ఆ డిస్కునంతటినీ అచ్చు తీసినట్లు మరొక కంప్యూటరులోకి దింపడం దాని పని. 1998 లో సిమాంటెక్ సంస్థ దానిని కొన్నది. ఆ సంవత్సరాలలోనే అందులో సమూహ ప్రసారం కూడా చేరినది. దాని విలువ ఎంతో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 30 కంప్యూటర్లున్న తరగతి గదికి 4 గిగాబైట్ల డిస్కు ప్రతిని, సెకనుకు 100 మెగాబిట్ల తీగె మీద పంపాలనుకొందాం. ఏ ఆటంకమూ లేకపోతే ఒక్క ప్రతికి 320 సెకన్లు, అనగా 5 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఒక్కొక్క కంప్యూటరుకు వేరుగా పంపితే 30 ప్రతులకు 2 గంటల 40 నిమిషాలు. సమూహ ప్రసారంలో ముప్పదింటికీ కలిపి ఆ 5 నిమిషాల 20 సెకన్లే. కాగితం మీది లెక్క ఇది. ఈ లాభం చేతికి రావాలంటే ముందుగా కొన్ని ఏర్పాట్లు జరగాలి.

మొదటిది తూముల ఏర్పాటు. 1990లలో పాత ఉమ్మడి తీగె పోయి, ప్రతి కంప్యూటరుకూ వేరు తీగె వచ్చి, నడుమ స్విచ్ అనే పంపిణీ పెట్టె వచ్చినది. ఎవరు సమూహంలో చేరారో ఆ స్విచ్‌కు తెలియకపోతే అది ప్రతి తీగెలోకీ ప్రవాహాన్ని వదులుతుంది. పాఠశాల గదికి పంపిన ప్రోగ్రాము ఆఫీసు గుమాస్తా కంప్యూటరును, మూలనున్న ప్రింటరును కూడా ముంచెత్తుతుంది. అందుకని కంప్యూటర్లు చెప్పుకొనే ‘నేను చేరుతున్నాను’ అనే మాటను స్విచ్ చాటుగా విని, ఆ తీగెలోకి మాత్రమే వదిలే పద్ధతి వచ్చినది. ఆ మాటకు ఐ.జి.ఎం.పి. అనే నియమావళి ఉన్నది. 1997 నాటి రెండవ రూపంలో ‘నేను తొలగుతున్నాను’ అనే మాట కూడా చేరినది. అయితే హాజరు పలకాలంటే పిలిచేవారుండాలి. సాధారణంగా 125 సెకన్లకొకసారి ఒక రూటరు ‘ఎవరెవరున్నారు?’ అని అడగాలి. అడిగేవారు లేనిచోట స్విచ్ తన జాబితాను కొద్దిసేపటికి మరచిపోతుంది. చక్కగా సాగుతున్న ప్రసారం హఠాత్తుగా నిలిచిపోతుంది. పథకం వేసేవాడు పాటించవలసిన తొలి సూత్రం – పిలుపు పిలిచే బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించడం.

రెండవది ఎల్లల నిర్ణయం. ప్రతి ప్యాకెట్టుకూ ఒక ఆయుర్దాయం ఉంటుంది. ఒక్కొక్క రూటరు దాటినప్పుడు అది ఒకటి తగ్గుతుంది. ఒకటే ఇచ్చి పంపితే మొదటి రూటరు వద్దనే అంతమవుతుంది. ప్రక్క భవనానికి చేరదు. విచ్చలవిడిగా ఇస్తే అక్కరలేనిచోటికి పోతుంది. ఒక సంస్థ తన ఆవరణలో వాడుకొనడానికి 239 తో మొదలయ్యే చిరునామాలను ప్రత్యేకించాలని 1998 లో నిర్ణయించారు. తీగె లేని వైఫై మీద ఈ పనిని పెట్టుకోకపోవడం మేలు. అక్కడ సమూహపు ప్యాకెట్లను సాధారణంగా తక్కువ వేగంతో, అందినట్లు రసీదు లేకుండా పంపుతారు. తీగె మీదనైనా వేగానికి కళ్ళెం వేయాలి. ఇంటర్నెట్టులోని మామూలు సంభాషణ రద్దీని చూచి తనంతట తాను తగ్గుతుంది, సమూహ ప్రసారానికి ఆ వివేకాన్ని మనమే నేర్పాలి.

మూడవది నిదానస్తుల సంగతి. మన పంక్తి భోజనాలలో అందరి భోజనమూ ముగిసేవరకు బంతి లేవదు. ఒకరు నిదానంగా తింటే వంద మంది కూర్చొని ఉండాలి. కంప్యూటర్లలోనూ ఇదే జరుగుతుంది. ముప్పదింటిలో ఒక పాత యంత్రపు డిస్కు మందకొడిగా ఉంటే, దానికోసం తక్కిన ఇరవైతొమ్మిదీ ఆగుతవి. దానిని లేపి పంపివేయడం ఒక మార్గం. వేగస్తులకొక బంతి, నిదానస్తులకొక బంతి వేయడం మరొక మార్గం. మైక్రోసాఫ్ట్ సంస్థ 2008 నాటి విండోస్ సర్వరులో సమూహ ప్రసారాన్ని చేర్చి, 2009 నాటి తరువాతి రూపంలో ఈ రెండు మార్గాలనూ పాలకుని ఎన్నికకు విడిచినది.

నాల్గవది అందనివాని మొర. ఒక్కరికి పంపేటప్పుడు, అందినదని అతడు రసీదు ఇస్తాడు. వేయిమందికి ఒకేసారి పంపితే వేయి రసీదులు ఒకేసారి వచ్చి పంపినవానిని ముంచుతవి. కాబట్టి అందినవారు మౌనంగా ఉండి, అందనివారే అడగడం మంచిదని తేలినది. నడుమ తీగెలో ఏదో పోతే అందనివారు కూడా వందలమంది కావచ్చు. దీనికి 1995 లో శాలీ ఫ్లాయిడ్, వాన్ జాకబ్సన్ ప్రభృతులు ఒక చక్కని ఉపాయం చెప్పారు. అందనివాడు వెంటనే అడగక, ఎవరికివారు కొంచెంసేపు హెచ్చుతగ్గుగా ఆగాలి. ఈలోపల మరొకడు అదే అడిగినట్లు వినబడితే తాను ఊరుకోవాలి. ఒకరి మొర అందరి మొర అవుతుంది. జవాబు అందరికీ అందుతుంది. సభామర్యాద తెలిసినవారి పద్ధతి ఇది. 1998 లో బయర్స్, లూబీ, మిట్జన్‌మాకర్, రేజ్ అనే నలుగురు మరొక దారి చూపారు. ప్రోగ్రామును గణితంతో కలగలిపి ఊటవలె ఎడతెగక పంపుతూ ఉండడం. ఎవరు ఎప్పుడు వచ్చి దోసిలి పట్టినా, ఏ చుక్కలు జారిపోయినా, చాలినన్ని చుక్కలు నిండగానే మొత్తం తయారవుతుంది. ఆలస్యంగా వచ్చినవానికి ఇంతకన్న ఆదరణ ఏమున్నది? విండోస్ సర్వరులో ఇంతకన్న సులభమైన మార్గం పెట్టారు. నడుమ చేరినవాడు అప్పటినుంచి అందుకొంటాడు. తప్పిపోయిన మొదటి భాగాన్ని తరువాతి ఆవృత్తిలో పొందుతాడు. రెండవ బంతిలో ముందు వడ్డనలు తిన్నట్లన్నమాట.

ఇంత చక్కని పద్ధతి ప్రపంచమంతా ఎందుకు వ్యాపించలేదన్న ప్రశ్న కలుగుతుంది. ఒకే యాజమాన్యంలోని ఆవరణలో పిలిచేదెవరు, తూములు తెరిచేదెవరు అన్నది నిర్ణయించవచ్చు. అనేక సంస్థల నెట్‌వర్కులను దాటవలసినప్పుడు, ఒకరు పంపినదానికి వేయి ప్రతులు తీసే శ్రమకు మూల్యం ఎవరు చెల్లించాలి, ఎవరుపడితే వారు సమూహానికి పంపకుండా కాపలా ఎవరు కాయాలి అన్నవి తేలలేదు. అందుచేత బహిరంగ ఇంటర్నెట్టులో ఈనాడు ఊరూరా నిల్వ కేంద్రాలు పెట్టి అక్కడినుంచి ఒక్కొక్కరికి విడివిడిగా పంచుతున్నారు. 2015 లో వచ్చిన విండోస్ 10 నుంచి, ఒక కంప్యూటరు తాను పొందిన భాగాలను ఇరుగుపొరుగు కంప్యూటర్లతో పంచుకొనే ఏర్పాటు కూడా ఉన్నది. సమూహ ప్రసారం మాత్రం విద్యాలయాలు, కార్యాలయాలవంటి ఆవరణలలో, ఒక కంపెనీ తన చందాదారులకు తీగెద్వారా ఇచ్చే టెలివిజన్‌లో స్థిరపడినది.

ఇదంతా యంత్రజ్ఞుల ముచ్చటగా తోచవచ్చు. కాని 2017 సంవత్సరపు అనుభవం దీనిలోని అసలు ప్రమాదాన్ని లోకానికి చూపినది. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14 న సవరణను విడుదల చేసినది. మే 12 న ‘వానాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము అదే లోపంద్వారా చొరబడి సుమారు 150 దేశాలలోని కంప్యూటర్లను బంధించినది. బ్రిటనులో ఆస్పత్రులు రోగుల అపాయింటుమెంట్లను రద్దుచేయవలసి వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని వాతబడ్డవి. మందు తయారై దాదాపు రెండు నెలలైనది. అందినవారు చాలావరకు క్షేమంగా ఉన్నారు. దెబ్బ తగిలినది అందనివారికి. అంతేకాదు, అటువంటి వ్యాధి ఒక కంప్యూటరునుంచి తక్కిన వాటికి ప్రాకుతుంది గనుక, ఒక గదిలో సవరణ పొందని ఒక్క యంత్రమైనా దానికి తలుపు తెరిచినట్లే అవుతుంది. నూటిలో తొంబైతొమ్మిదింటికి చేర్చామని సంతోషించడానికి వీలులేని పని ఇది.

అందువల్ల ఇటువంటి నెట్‌వర్కును పథకం వేసేవారు పంపే వేగాన్ని మాత్రమే లెక్కవేసి ఊరుకోరాదు. ప్రసారం ముగిసిన తరువాత ఒక హాజరుపట్టీ ఉండాలి. ఏ యంత్రం పూర్తిగా పొందినది, ఏది సగంలో ఆగినది, ఏది ఆ రాత్రి అసలు మేల్కొనలేదు అన్నవి అందులో కనిపించాలి. మిగిలిపోయిన నాలుగింటికి ఇంటింటికి మనిషిని పంపినట్లు విడివిడిగా పంపాలి. చాటింపుతో పని ప్రారంభించి, గడపగడపకు వెళ్ళి పూర్తిచేయడమే ఈ విద్యలో నలభై ఏండ్ల అనుభవం తేల్చిన మార్గం. ప్రసార వృత్తిలో ఉన్నవారికి ఇది కొత్తమాట కాదు. మా గొంతు ఏ ఊరికి అందినదో, ఏ ఊరిలో గరగరలో కలిసిపోయినదో స్టూడియోలో కూర్చున్నవారికి వినబడదు. శ్రోతలు వ్రాసిన ఉత్తరాలవల్లనే తెలుస్తుంది. కంప్యూటర్లు తమంతట తాము ఉత్తరం వ్రాయవు. వాటిచేత వ్రాయించే ఏర్పాటు ముందుగానే చేసుకోవాలి.